మూడో విలన్ పల్లంరాజు

పల్లంరాజు ముఖం చూసి జడుసుకోనిది ఇద్దరే: అతని భార్య సూర్యకళ, వాళ్ళింటి పిల్లి. చెవుల దాకా మీసం, ఉప్పుగాలికి ఎర్రబడ్డ కళ్ళు, బుగ్గ మీద చిన్నప్పటి సెగ్గడ్డ మిగిల్చిన మచ్చ. మనిషి మాత్రం కోడిని కోస్తుంటే పెరట్లోంచి పారిపోయే రకం. టీవీ సీరియల్లో అత్త కోడల్ని తిడితే ఇక్కడ ఇతను కళ్ళు తుడుచుకునేవాడు.

మొగల్తూరు అవతల సముద్రపు ఒడ్డు ఊరు వాళ్ళది. అతను వేటకెళ్ళేవాడు, ఆవిడ చేపలు నరసాపురం తీసుకెళ్ళి ఇళ్ళకి అమ్మేది. ఒక ఎండాకాలం ఆ తీరంలో సినిమా షూటింగ్ జరిగింది. వల ఆరేస్తున్న పల్లంరాజుని చూసిన అసోసియేట్ డైరెక్టర్ శివరామకృష్ణ, దొరికాడనుకుని చొక్కా పట్టుకుని తీసుకెళ్ళాడు.

కథేంటంటే, నలుగురు దుర్మార్గులు ఒక అమ్మాయి మీద అఘాయిత్యం చేస్తారు. ఆ అమ్మాయి ఇంటర్వెల్‌కి ముందే ప్రాణం తీసుకుంటుంది. ఇంటర్వెల్ తర్వాత వాళ్ళన్నయ్య ఆ నలుగుర్నీ వెతికి వెతికి చంపుతాడు. పల్లంరాజు మూడోవాడు. గుమ్మం దగ్గర కాపలా ఉండటమే అతని వేషం. చావు మాత్రం ఘనంగా పెట్టారు: రొయ్యల చెరువు బురదలో ముంచి, లేపి, మళ్ళీ ముంచి.

ముక్కులోంచి బురద తీసుకుంటూ పల్లంరాజు శివరామకృష్ణని అడిగాడు. ‘‘అయ్యా, నేను గుమ్మం దగ్గర నుంచున్నానంతే కదండి. ఆ పిల్లని ముట్టుకోనైనా లేదు. నన్నెందుకండి చంపడం?’’

‘‘చూశావు కదయ్యా. అరవలేదు, ఆపలేదు. నువ్వూ వాళ్ళలో ఒకడివే.’’

‘‘మరి ఊళ్ళోవాళ్ళు కూడా కిటికీల్లోంచి చూశారు కదండి. వాళ్ళందర్నీ చంపేస్తారా?’’

‘‘వాళ్ళందర్నీ చంపితే టిక్కెట్లు ఎవరు కొంటారయ్యా?’’ అన్నాడు శివరామకృష్ణ.

ఇంకో అనుమానం కూడా ఉండిపోయింది పల్లంరాజుకి. ‘‘ఇలా చంపమని ఆ పిల్ల అడిగిందాండి?’’

‘‘చచ్చిపోయినమ్మాయి ఏమడుగుతుంది! లే, ఇంకో టేక్.’’

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. నరసాపురంలో ఆడవాళ్ళ కోసం ఒక ఆట ఉచితంగా వేయించినాయన మురళీకృష్ణగారు. ఎరువుల షాపు ఆయనది. సన్మానాలకీ అన్నదానాలకీ ముందువరస కుర్చీ ఎప్పుడూ ఆయనదే. ఆట మొదలయ్యే ముందు మైకు పట్టుకుని, ‘‘ఇలాంటి వెధవల్ని నడిరోడ్డు మీద నరకాలండీ!’’ అన్నారు. హాలంతా చప్పట్లు.

సూర్యకళా వెళ్ళింది. మొగుణ్ణి బురదలో ముంచే ఘట్టం వచ్చేసరికి హాలు హాలంతా లేచింది. ఆవిడా లేచింది. ‘‘ముంచు! ఇంకోసారి ముంచు! పైకి లేపకు!’’ అని అరిచింది. పక్కావిడ, ‘‘ఎవరమ్మా ఆ దరిద్రుడు?’’ అంటే అప్పుడు గుర్తొచ్చింది. నోరు మూసుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక పల్లంరాజు నెమ్మదిగా అన్నాడు. ‘‘నేనొక్కణ్ణీ బయట నుంచుని విన్నాను. నీ గొంతు బాగా తెలిసింది.’’

‘‘నేనేం చెయ్యను! ఆ పిల్ల ఏడుపు చూశాక నువ్వైనా ఒకటే, యముడైనా ఒకటే.’’

అక్కణ్ణుంచి కష్టాలు మొదలయ్యాయి. అతను టీకొట్టుకెళితే బెంచీ ఖాళీ అయ్యేది. షేర్ ఆటో ఎక్కితే ఆడవాళ్ళు దిగిపోయేవాళ్ళు. చేపలు కొనేవాళ్ళు సూర్యకళతో, ‘‘నువ్వు రామ్మా, ఆయన్ని మాత్రం పంపకు,’’ అనేవారు. మీసం తీసేస్తానని అద్దం ముందు కూర్చున్నాడు గానీ, సూర్యకళ కత్తెర లాక్కుంది. మీసం లేకపోతే ఇంకా ఘోరంగా ఉంటాడని ఆవిడ భయం.

ఒకరోజు పొద్దున సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాడు. అంతర్వేదిలో చెల్లెల్ని చూసి నరసాపురం వస్తున్నాడు. మోటారు సైకిళ్ళు, గంపలు, మనుషులు, అంతా కిటకిట. రెయిలింగు దగ్గర అశ్విని అనే అమ్మాయి నుంచుంది. నరసాపురంలో రక్తపరీక్షల ల్యాబులో పని ఆమెకి, రోజూ గోదావరి దాటాలి. ఆమె వెనకాల మురళీకృష్ణగారు. ఆమె ఇటు జరిగితే ఆయనా ఇటే, అటు జరిగితే అటే. ఆయన చెయ్యి ఎక్కడుందో పల్లంరాజుకి స్పష్టంగా కనిపించింది.

వెంటనే వీరుడిలా దూకాడని చెప్పాలని నాకూ ఉంది. దూకలేదు. ముందు కాసేపు గోదావరి వైపు చూశాడు. పెద్దాయనతో మనకెందుకనుకున్నాడు. తర్వాత మళ్ళీ ఇటు చూశాడు. ఆ అమ్మాయి హ్యాండ్‌బ్యాగు వీపుకి అడ్డం పెట్టుకుంటోంది. ఇంక ఉండలేక, మోటారు సైకిళ్ళ మధ్యలోంచి దూరి, ఇద్దరి మధ్యలో నుంచున్నాడు.

అశ్విని అప్పుడే వెనక్కి తిరిగింది. సినిమాలో ముఖం, మూరెడు దూరంలో! కెవ్వుమంది.

‘‘ఈడేరా, సినిమాలో మూడోవోడు!’’ అని ఎవరో అరిచారు. అంతే, జనం విరుచుకుపడ్డారు. ఒకడు హెల్మెట్‌తో కొట్టాడు. ఒక పెద్దావిడ తోటకూర కట్టతో బాదింది. మురళీకృష్ణగారు కూడా, ‘‘సిగ్గు లేదురా!’’ అంటూ నెత్తి మీద ఒకటి వేశారు.

ఆ చేతికున్న మూడు ఉంగరాలు చూసింది అశ్విని. ఇంతసేపూ వీపుకి గుచ్చుకున్నవి అవే.

‘‘ఆయన కాదండీ! ఈయన!’’ అని మురళీకృష్ణగారి వైపు వేలు చూపించింది.

అందరికీ ఒక్కసారిగా గోదావరి అందం కనిపించింది. ‘‘రద్దీలో తగిలుంటుందమ్మా,’’ అన్నాడొకాయన. ‘‘పెద్దాయన, పోనీలే,’’ అన్నాడు హెల్మెట్ అతను. తోటకూరావిడ మాత్రం చేతిలో మిగిలిన కాడలు చూసుకుని, ‘‘ఎవరిదో దెబ్బ ఎవరికో కొట్టేశాను. ఈయన్ని గోదాట్లోకి తోసేయనా అమ్మా?’’ అంది.

‘‘వద్దండి,’’ అంది అశ్విని. ‘‘తోసేస్తే మీరు ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు. నేను మళ్ళీ రేపు ఈ పంటే ఎక్కాలి. ఆయన మునగక్కర్లేదు, నా జోలికి రాకూడదు. చూసినవాళ్ళెవరైనా స్టేషన్‌కొచ్చి చూశామని చెప్తారా?’’

జనం గంపలు సర్దుకోవడంలో పడ్డారు. పల్లంరాజు మీసంలోంచి తోటకూర ఆకు తీసుకుంటూ, ‘‘నేను చూశానమ్మా. ముందే చూశాను. కాస్త ఆలస్యంగా లేచాను,’’ అన్నాడు.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ హెలెన్ తలెత్తి, ‘‘ముద్దాయిని మీరే తీసుకొచ్చారా? వెరీ గుడ్. అక్కడ కూర్చోబెట్టమ్మా,’’ అంది.

‘‘నేను సాక్షినండి,’’ అన్నాడు పల్లంరాజు.

‘‘నిన్నెక్కడో చూశాను. పాత కేసేంటి?’’

‘‘సినిమా అండి. బురదలో...’’

‘‘ఓ, నువ్వా! బాగా అయింది నీకు,’’ అంది హెలెన్. తర్వాత అశ్విని చెప్పిందంతా విని, కుర్చీ ముందుకు లాక్కుని, కంప్లైంట్ రాసుకుంది. అతన్ని మాత్రం రెండుసార్లు అడిగింది, ‘‘పెద్దమనుషులు వచ్చి మాట్లాడతారు. నిలబడతావా?’’ అని. నిలబడతానన్నాడు.

పెద్దమనుషులు ఇంటికి వచ్చారు కూడా. ‘‘సినిమాలో రౌడీవి, నీ సాక్ష్యం ఎవడు నమ్ముతాడు?’’ అన్నారు. ‘‘నమ్మకపోతే మీకు భయమెందుకండి?’’ అంది సూర్యకళ. వాళ్ళు టీ తాగకుండానే వెళ్ళిపోయారు. కేసు కోర్టుకెక్కింది, వాయిదాలు పడుతోంది. మురళీకృష్ణగారు పంటు మానేసి, గోదావరి అవతలికి కారులో చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళుతున్నారు. అశ్విని ఏ రోజూ మానకుండా అదే పంటు ఎక్కుతోంది. పల్లంరాజు కనిపిస్తే, ‘‘బాబాయిగారూ, టిఫిన్ అయిందాండి?’’ అని అంత దూరం నుంచే పిలుస్తుంది. పంటులో జనం ఆశ్చర్యంగా చూస్తారు.

సూర్యకళకి ఒక్కటే దిగులు. మురళీకృష్ణగారిల్లు ఆవిడకి ఎన్నాళ్ళనుంచో వాడుక. వారం రోజులు ఆ వీధి తప్పించుకుని తిరిగింది. ఒకనాడు ఆయన భార్య పాపాయమ్మగారే గేటు దగ్గర నుంచుని పిలిచింది. పండుగప్ప తీసుకుంది. బేరం ఆడలేదు. సూర్యకళ తట్ట ఎత్తుకోబోతుంటే గొంతు తగ్గించి అడిగింది.

‘‘మీ ఆయన భయపడి మాట మారుస్తాడా?’’

సూర్యకళ తట్ట మళ్ళీ కింద పెట్టింది. ‘‘మార్చడండి. పిరికోడే గానీ మొండోడు.’’

పాపాయమ్మగారు ఇంట్లోకోసారి తొంగి చూసి, తట్టకి ఓ చెయ్యి వేసి సూర్యకళ నెత్తి మీదికెత్తింది.

‘‘మార్చొద్దని చెప్పు,’’ అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.