దేన్నీ నమ్మని రాజలింగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. 1959లో బెల్లంపల్లిలో గని కార్మికులకు చదువు చెప్పిన రోజుల్లో మరీ ఎక్కువ. మొదటి షిఫ్టు దిగి, చెవుల్లో బొగ్గుపొడి వదలకముందే వచ్చి పలకలు పట్టేవారు.

పరీక్షకు ‘నేను నమ్మేది’ అని ఒక పేజీ రాయమన్నాను. రాజలింగుకు అది గండమైంది. మీసాలు రాకముందే మెట్‌పల్లి దిక్కు నుంచి వచ్చి బాయిలో, అంటే బొగ్గు గనిలో, చేరాడు. పైబండ పడకుండా కర్రలు నిలపడం ఇరవై ఏళ్లుగా అతని పని. ఇప్పుడు జట్టుకు పెద్దగా, సర్దార్ కావాలంటే, రాయడం వచ్చని నా సంతకం కావాలి.

మిగతావాళ్లు దేవుణ్ణీ సత్యాన్నీ కూరి పేజీ నింపారు. ఇతను ఇచ్చింది రెండే ముక్కలు: ‘నేను దేన్నీ నమ్మ. నిన్న నిలిచిన బండ ఇయ్యాల నిలుస్తదని అసలే నమ్మ.’

నాకు ఒళ్లు మండింది. “ఏందయ్యా, ఎకసెక్కాలా? గిట్ల రాస్తే సంతకం ఎట్ల పెడుత?”

“ఉన్న మాటే రాసిన సారూ. జర ఒక్కపారి బాయిల దిగి చూడుర్రి. గప్పుడు గూడ తప్పనిపిస్తే సర్దార్ పని నాకద్దు.”

వీడి సంగతేదో తేల్చుకుందామని, అనుమతి తీసుకుని మర్నాడు పొద్దున దిగాను. ఆ చీకట్లోకి పోయేసరికి నా కోపం మోకాళ్లలోకి జారింది.

బొగ్గు తీసే చోటికి ఇవతలే ఇరవై మంది తట్టలు, పారలతో ఆగి ఉన్నారు. రాజలింగు ఒక్కడే లోపలికెళ్లి, అంగట్లో కుండను కొట్టి చూసినట్టు, కర్రతో పైబండను కొడుతూ చెవి పెట్టాడు. ఖంగుమంది. మళ్లీ ఖంగుమంది. ఒకచోట మాత్రం గుల్లగా పలికింది.

“నిన్ననే చూసినవ్ గదనే,” తట్ట మోసే కొండల్ విసుక్కున్నాడు.

“నిన్నటి బండ నిన్ననే పాయె.”

అక్కడ రెండు కర్రలు నిలిపి బిగించాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ విన్నాడు. అప్పుడు వెనక్కి తిరిగి తలూపాడు.

అంతే! ఇరవై మందీ ముచ్చట్లాడుకుంటూ ఆ బండ కిందికి నడిచారు. ఒక్కడంటే ఒక్కడు పైకి చూడలేదు.

“ఇరవై ఏండ్లసంది మా జట్టుల ఒక్కనికి గూడ దెబ్బ తాకలే సారూ,” అన్నాడు కొండల్, నన్ను దాటిపోతూ.

ఓరి దేవుడా! నాకు ఒళ్లు జలదరించింది. జేబులోంచి అతని కాగితం తీసి దీపం వెలుగులో అక్కడే సంతకం పెట్టాను.

“ఇంకో రెండు ముక్కలు రాయాల్నా సారూ?” రాజలింగు బెరుగ్గా అడిగాడు.

“ఇగ ఒక్క ముక్క గూడ అద్దు రాజన్నా,” అని, నేనూ తలెత్తకుండానే ఆ బండ కిందికి నడిచాను.