తిప్ప మీద టీచరు గారి పెంకులు

మా సైన్సు టీచరు గారు పోయారు. పడవ నడిపే బాబాయి ఫోన్ చేసి, "టీచరు గారు ఇక లేరమ్మా" అన్నారు. కుడుతున్న జాకెట్టు మిషన్ మీదే వదిలేసి కూర్చుండిపోయాను. పిట్టలు గుడ్లు పెట్టే రోజుల్లో ఆవిడ వెళ్లిపోవడమేంటని ముందు కోపమే వచ్చింది.

రిటైరయ్యాక ఆవిడ అటవీశాఖ వాళ్లనడిగి, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఇసుక తిప్ప మీద సముద్రపు పిట్టల్ని లెక్కపెట్టేవారు. మా వైపు బాగా తగ్గిపోయిన ఈ పిట్టలు గూడు కట్టవు. వట్టి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. ప్రతి శనివారం తెల్లారగానే ఆవిడా నేనూ బాబాయీ పడవలో బయల్దేరేవాళ్లం. ఆవిడా నేనూ విడివిడిగా గుంటలు లెక్కపెట్టాలి. తేడా వస్తే పుస్తకంలో తక్కువ అంకే రాసేవారు. "ఆశపడి లెక్కపెడితే ఎప్పుడూ ఎక్కువే వస్తాయే" అనేవారు. ఎండ ముదరకముందే మమ్మల్ని తరిమేసేవారు. "మనల్ని చూసి తల్లి లేచిపోతే గుడ్డు ఉడికిపోద్ది, పద."

మొదటి ఏడాది నేను తెలివితేటలు చూపించాను. ఎవరూ గుడ్లు తొక్కకూడదని, షాపులో మిగిలిన ఎర్ర లైనింగు గుడ్డ చీల్చి, సరుగుడు పుల్లలకి కట్టి, ఆవిడకి చెప్పకుండా ప్రతి గుంట పక్కనా పాతాను. మరుసటి శనివారం వెళ్తే జెండాలన్నీ ఉన్నాయి. ఒక్క గుడ్డు లేదు. ఎర్ర గుడ్డ ఉన్నచోట తిండి ఉంటుందని కాకులు కనిపెట్టేశాయి.

నేను ఏడుస్తుంటే ఆవిడ ఓదార్చలేదు. పుల్లలు ఒక్కొక్కటే పీకి నా చేతికిచ్చారు. "ఏడుపయ్యాక చెప్పు, వచ్చే ఏడాది ఏం చేద్దామో ఆలోచిద్దాం." పుస్తకంలో సున్నా వేసి, పక్కన 'మా పొరపాటు' అని రాశారు. జెండాలు పాతింది నేనొక్కదాన్నే. అది చదివి ఇంకాస్త ఏడ్చాను.

తర్వాత ఆవిడ ఇంటి పాత పెంకులు దింపించి డాబా వేయించారు. పెంకులు కావాలన్నవాళ్లతో "అవి నా పిల్లలకి" అన్నారు. ఆవిడకి పిల్లల్లేరు. వీధంతా తెల్లమొహం వేసింది. వాటిని పడవలో తీసుకెళ్లి, గుడ్లకి ఎడంగా తిప్పంతా బోర్లించాం, పుట్టిన పిల్లలు ఎండకీ కాకులకీ దొరక్కుండా దూరతాయని. దూరాయి కూడా. ఏటా కొన్నైనా ఎగిరాయి.

"టీచరు గారూ, మీ అద్దెవాళ్లు ఎలా ఉన్నారండి?" అని బాబాయి వేళాకోళం చేసేవారు.

"చెప్పకుండా ఖాళీ చేసేశారయ్యా" అనేవారావిడ, సంతోషంగా.

చర్చి వెనక ఆవిడ సమాధి మీద మట్టి వేసి వచ్చిన మర్నాడే శనివారం. ఆవిడ లేకుండా ఇదంతా నావల్ల కాదనిపించింది. మళ్లీ ఏం పాడుచేస్తానోనని భయం. బాబాయి మాత్రం తెల్లారేసరికి గుమ్మంలో నిలబడ్డారు. "పదమ్మా, ఈసారి నేను లెక్కెడతాను."

నాకంటే ఆయనకి రెండు తక్కువ వచ్చాయి. ఆయన అంకే రాశాను.

తిరిగొస్తుంటే ఒక పెంకు దగ్గర ఏదో కదిలింది. దూరంగా ఆగి, వంగి చూశాను. పెంకు లోపలివైపు టీచరు గారి వంటింటి మసి ఇంకా నల్లగా అంటుకునే ఉంది. దాని కింద ఇసుక రంగు పిల్ల ఒకటి, చేపతో దిగుతున్న తల్లిని చూసి, నోరంతా తెరిచింది.