పౌడర్‌ను అల్యూమినియంలో నిలిపింది ప్రభుదాస్ అన్న

నిన్న పొద్దున క్లాసుకు వెళ్తుంటే బోధన్ నుంచి రత్నమ్మ వదిన ఫోన్.

"తమ్మీ, మీ అన్న పోయిండు."

ఏ అన్న అని అడిగాను.

ఛీ. బోధన్‌లో నాకు ఇంకెవరున్నారు?

ప్రభుదాస్ అన్నకు అక్కడ చిన్న ఫౌండ్రీ ఉండేది. చెరుకు తోటల మోటార్లకు పంపు భాగాలు పోసేవాడు. చదువు ఏడో క్లాస్. నా ఎంటెక్ ప్రాజెక్ట్ కోసం నిజామాబాద్ నుంచి బస్సులో వెళ్లేవాణ్ణి.

అల్యూమినియంలో నానో సైజు సిరామిక్ పౌడర్ కలపాలి. కంటికి ఆనని ఆ రేణువులు మెటల్ అంతా సమానంగా పరుచుకుంటే, బరువు పెరగకుండానే గట్టిపడుతుంది.

పుస్తకంలో సులువే. నేను వేస్తే మాత్రం ఉండలు కట్టి పైకి తేలేది. నెలల తరబడి అంతే.

ఒకరోజు అన్న నా చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. వాళ్ల బాపు బెల్లం వండేవాడు.

"పల్సటి పాకంల నువ్వులేస్తే తేల్తయి తమ్మీ. జర ముదరనియ్యి. గప్పుడెయ్యి, పట్టుకుంటది."

పౌడర్‌ను వేడిచేసి తేమ పోగొట్టాడు. పల్చటి అల్యూమినియం రేకులో పొట్లాలు కట్టాడు. మెటల్ సగం గడ్డకట్టి జావలా అయ్యాక ఒక్కోటి అడుగుకు దింపి, ఆపకుండా కలిపాడు. మళ్లీ వేడి పెంచి అచ్చులో పోశాడు.

ఆ ముక్కను ల్యాబ్‌లో మెషిన్ మీద లాగి చూశాం. మామూలు ముక్క తెగిన లోడ్ దగ్గర ఇది చెక్కుచెదరలేదు. చెప్పగానే అన్న కొలిమి ముందే "స్తోత్రం!" అని అరిచాడు.

జర్నల్‌కు పంపే పేపర్ మీద మూడు పేర్లు రాశాను. నా ప్రాజెక్ట్ గైడ్, నేను, అన్న.

గైడ్ అన్న పేరు కొట్టేశాడు. "ఫౌండ్రీ లేబర్‌ను ఆథర్ అంటే నవ్వుతారయ్యా."

కొత్త ప్రింట్ తీసింది నేనే.

కాలేజీలో మాకు సన్మానం. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వదినతో వచ్చాడు. ఈ ఐడియా ఎలా తట్టింది సార్ అని ఎవరో అడిగారు.

"మా నాన్నగారు బెల్లం పాకం పడుతుంటే చిన్నప్పుడు చూసేవాణ్ణి" అన్నాడు గైడ్, నా దగ్గర విన్నదే.

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అన్న నన్నే చూస్తున్నాడు.

బయటికొచ్చాక ఒక్క మాట అన్నాడు.

"మా బాపును గూడ తీస్కపాయె గద తమ్మీ."

మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ పేపర్‌తోనే నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఫౌండ్రీకి వెళ్లడం మానేశాను. బిజీ అని చెప్పేవాణ్ణి.

నిన్న సమాధి దగ్గర వదిన తన తమ్ముళ్లకు నన్ను చూపించింది. "మీ బావ ఎప్పుడు చెప్పేటోడు గద, గా సార్ ఈయననే."

మట్టి వేసి, వదినకు చెప్పకుండానే గేటు దాటాను.

ఇవాళ కాలేజీ మెయిల్ గ్రూప్‌లో గైడ్ సంతాపం: "గుడ్ వర్కర్."

థూ. కానీ ముందు నా మొహం మీదే ఉమ్ముకోవాలి.

పద్ధతి మొత్తం ప్రభుదాస్ గారిదని, మేము దాచామని జర్నల్‌కు రాసి పంపాను. ఉద్యోగం పోతే పోనీ. వదినకు ఫోన్ చేసి చదివి వినిపించాను.



"ఆయన బతికున్నప్పుడు రాసేదుండె తమ్మీ" అని పెట్టేసింది.

పోయిరా అన్నా. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. నీ దేవుని దగ్గరైనా నీకు నెమ్మది దొరకాలి.