గజ్జెల టోను వచ్చిందా?

మొన్న పొద్దున పెరటి గోడ అవతలి నుంచి పక్కింటి వదిన "వచ్చిందా వదినా?" అని కేకేసింది. నల్లా సంగతి. నల్లగొండలో మా గల్లీకి నీళ్లు ఎప్పుడొస్తాయో వదిలేవాళ్లకే తెలియదు కాబట్టి, గోడకు ఇటూ అటూ ఈ ప్రశ్న రోజూ నడుస్తూ ఉంటుంది. నేను వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తడుముకోకుండా "రాలే" అని చెప్పేశాను. కాసేపటికి పెరట్లోకి వెళ్తే బిందె నిండి, పొంగి, నీళ్లు తులసి గద్దె దాకా పారి ఉన్నాయి. నల్లా సన్నగా పడుతూనే ఉంది. ఆ చప్పుడు నాకు వినబడనే లేదు. వదిన గోడ మీంచి తొంగిచూసి, "గిదేంది వదినా, రాలే అంటివి?" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, బిందె ఎత్తకుండా అక్కడే బండ మీద కూర్చుండిపోయాను. మా ఇంట్లో "వచ్చిందా?" అనే మాటకు నల్లా కంటే ముందు ఇంకో అర్థం ఉండేది.

మా ఆయన ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. పెళ్లిళ్లు, గణపతి మండపాలు, బతుకమ్మ ఆటలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. పాడేవాళ్లు మారిపోయేవాళ్లు, ఆయన మాత్రం ఉండేవాడు. రాగం ఎవరైనా వాయిస్తారు, అది గొప్ప కాదంటాడు. పాట మొదట్లో వచ్చే వేణువు, మధ్యలో మెరిసే సితారు, చరణానికి ముందు వయొలిన్లన్నీ కలిసి లేచే బిట్టు, ఇవన్నీ రికార్డులో ఎట్లా వినబడ్డాయో కీబోర్డులోంచి అట్లాగే రావాలి. జనం పాట వినడానికి రారు, తమకు తెలిసిన చప్పుడు మళ్లీ వినడానికి వస్తారని ఆయన నమ్మకం. కంపెనీవాళ్లు కీబోర్డులో పెట్టి పంపిన వేణువు ఆయన చెవికి ఆనదు. "గిది పిల్లనగ్రోవి గాదు, ప్లాస్టిక్ పైపు" అంటాడు. దాని మీద మనిషి గొంతులాంటి ఇంకో టోను పరిచి, మొదట పడే దెబ్బను మెత్తబరిచి, చివర కాస్త ఊపిరి కలిపి, రెప్పపాటులో అయిపోయే బిట్టు కోసం వారాలు పట్టించేవాడు.

నేనేమో చిట్యాల దగ్గర బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి, హైవే మీద బస్సులో నిలబడి ఇల్లు చేరేదాన్ని. అప్పటికి ఒకటో తరగతి నా చెవుల్లో ఇంకా ఎక్కాలు చదువుతూనే ఉండేది. చెప్పులు విప్పుతుంటే ముందుగదిలోంచి ఆ బిట్టు. చాయ్ పెడుతుంటే అదే బిట్టు. అది ఆగగానే "వచ్చిందా?" అని కేక. నేను వంటింట్లోంచే "రాలే" అనేదాన్ని. మళ్లీ మొదలు. ఒకసారి ఓపిక నశించి, "హెడ్‌ఫోన్లు పెట్టుకోరాదయ్యా, నీకు పుణ్యముంటది" అన్నాను. "హెడ్‌ఫోన్లల్ల నాకొస్తది. జనానికి రావద్దా?" అన్నాడు. ఆ జనాన్ని నేనే. టికెట్టు కొనకుండా వచ్చి, మధ్యలో లేచి పోవడానికి వీల్లేని జనాన్ని.

ఇందులో వదిన పాత్ర కూడా ఉంది. ఆయన కాస్త గట్టిగా "వచ్చిందా?" అన్నప్పుడల్లా గోడ అవతలి నుంచి ఆమె, "ఇంకా రాలే అన్నా, పొద్దుమీకి నీళ్లు ఇడుస్తరట!" అని జవాబిచ్చేది. మొదట్లో ఆయనకు చిర్రెత్తుకొచ్చేది. పోనుపోను నేను వచ్చిందని చెప్పినా, అవతలి నుంచి కూడా ఒక మాట పడేదాకా ఆయనకు తృప్తి ఉండేది కాదని నేను ఏడిపించేదాన్ని. తెలంగాణ వచ్చిన ఏడాది ఆ మాట మా గల్లీ దాటి ఊరంతా తిరిగింది. "వచ్చిందా?" "వచ్చింది!" అని జనం రంగులు చల్లుకున్నారు. ఆ సంబురంలో మా ఆయన ట్రాక్టరు మీద కీబోర్డు పెట్టుకుని, మనిషెత్తు స్పీకర్ల పక్కన నిలబడి, వేళ్లు నొప్పి పుట్టేదాకా వాయించాడు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన బతుకంతా ఆ స్పీకర్ల పక్కనే గడిచింది. అది మంచిది కాదని మాలో ఎవరికీ తోచలేదు.

ఆయనకు పేరు తెచ్చింది గజ్జెల పాట. పాత పాట, మా వైపు పెళ్లికి వెళ్లి అది వినని వాళ్లుండరు. పల్లవికి ముందు ఎవరో గజ్జెల కాళ్లతో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు, దగ్గరికొచ్చి ఆగినట్టు ఉంటుంది. ఆ నడకను ఆయన కీబోర్డులోకి దించాడు. వాయించగానే పందిట్లో ఆడవాళ్లు ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఆయన చప్పట్లు లెక్కలోకి తీసుకునేవాడు కాదు. తలలు తిరిగితేనే పాట వచ్చినట్టు.

కొన్నేళ్లకు ఆ కీబోర్డు చెడిపోయింది. దానితో పాటే అందులో దాచుకున్న టోన్లన్నీ పోయాయి. కొత్తది కొని గజ్జెలు మళ్లీ మొదటి నుంచి చేయడానికి కూర్చున్నాడు. ఈసారి ఎంతకూ కుదరలేదు. "మొద్దుగున్నది" అంటాడు, ఇంకాస్త మెరుపు పెంచుతాడు. నాకు పళ్లు జివ్వుమంటున్నాయి. "చానా చురుగ్గున్నదయ్యా, తగ్గియ్యి" అంటే, "బడిపిల్లల లొల్లికి నీ చెవులే ఖరాబైనయి" అని కొట్టిపారేశాడు.

ఆ గజ్జెలనే చిట్యాల దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వాయించాడు. ఆదివారం కాబట్టి నేనూ వెళ్లాను. పాట మొదలుకాగానే తలలు తిరిగాయి గానీ గుమ్మం వైపు కాదు, స్పీకర్ల వైపు. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. ఒక పెద్దాయన రుమాలు చెవులకు అడ్డం పెట్టుకున్నాడు. పెళ్లికూతురు తండ్రి స్టేజీ దగ్గరికి వచ్చి, "అన్నా, నీకు దండం పెడ్త, ఆ గంటలు జర బంద్ చెయ్యి. చెవులు పగుల్తున్నయి" అన్నాడు. గజ్జెలను గంటలన్నందుకు మా ఆయన మొహం మాడిపోయింది. స్పీకర్లు తెచ్చినవాడితో పెద్ద కొట్లాట పెట్టుకున్నాడు. మా తమ్ముడు అప్పట్లో ఆయన పక్కనే రిథమ్ ప్యాడు వాయించేవాడు. వైర్లు చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి, "అక్కా, స్పీకర్లు మంచిగనే ఉన్నయి" అన్నాడు. మరి లోపం ఎక్కడని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అసలు సంగతి అచ్చంపేటలో బయటపడింది. అక్కడ ఏదో ప్రోగ్రాం ఉంటే నన్నూ రమ్మన్నాడు. పొద్దు గుంకుతుండగా టీ తాగుదామని ఇద్దరం ఊరి చివరిదాకా నడిచాం. అక్కడి నుంచి నల్లమల మొదలవుతుంది. చెట్ల లోపలి నుంచి కీచురాళ్లు ఒక్కసారిగా అందుకున్నాయి. వేలకొద్దీ ఉంటాయేమో, చెవిలో సూదులు దిగుతున్నట్టుంది. చెప్పిన మాట వినబడదేమోనని ఆయన వైపు జరిగాను. ఆయన గ్లాసు పట్టుకుని అడవి వైపు చూస్తూ, ఎంతో హాయిగా, "ఎంత నిమ్మళమున్నది చూడు. ఒక్క చప్పుడు లేదు" అన్నాడు.

నా చేతిలో టీ చల్లారిపోయింది. ప్రోగ్రాం ముగించుకుని ఇల్లు చేరాకే కీచురాళ్ల సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. తమ్ముణ్ణి పిలిచి అడిగాడు. వాడు తల వంచుకుని, "నిజమే బావా" అన్నాడు. నల్లగొండ దవాఖానలో చెవుల డాక్టరు పరీక్ష చేసి, సన్నటి చప్పుళ్లు పోయాయని, అవి తిరిగి రావని, ఉన్నవి కాపాడుకొమ్మని చెప్పాడు. వినికిడి మిషను పెట్టి చూపిస్తే, మా ఆయన "రేకు డబ్బల గులకరాళ్లు ఏసి ఊపినట్టున్నది" అని తీసి బల్ల మీద పెట్టేశాడు. ఇంటికొచ్చి కీబోర్డు మీద దుప్పటి కప్పాడు. ఎవరైనా ప్రోగ్రాంకు పిలిస్తే ఒంట్లో బాగలేదనేవాడు. నేను అన్నేళ్లుగా కోరుకున్న నిశ్శబ్దం ఇంట్లోకి వచ్చింది. మొదట్లో నిజంగానే సుఖంగా పడుకున్నాను. తర్వాత బడి నుంచి వచ్చి చెప్పులు విప్పడానికే భయం వేసేది. తలుపు తీస్తే ముందుగదిలో మనిషి ఉంటాడు, చప్పుడు ఉండదు. పనిలేక మనిషి తరిగిపోవడం అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు.

వేసవి సెలవులు ఇచ్చిన రోజు నేనే ఆ దుప్పటి తీసి మడతపెట్టాను. "నాకు చెవులున్నయి గదా. నువ్వు అడుగు, నేను చెప్త" అన్నాను.

"నా పానం నిమ్మళం జేసెతందుకు, రాకున్నా వచ్చిందంటవు" అన్నాడు.

"ఎన్నడన్న అన్ననా?"

చాలా రోజుల తర్వాత నవ్వాడు. "అనలే" అన్నాడు.

ఆ ఎండాకాలం మేం పడ్డ అవస్థ చెప్తే నవ్వుతారు. తనకు వినబడని చప్పుడును ఆయన చేయాలి, పేరు తెలియని చప్పుడును నేను చెప్పాలి. "ఇత్తడిదున్నది, వెండిది కావాలె" అనేదాన్ని. "గజ్జె కాలికి లేదు, చేతుల పట్టుకొని ఊపుతున్నరు" అనేదాన్ని. ఆయన ఏదో తగ్గించి, ఇంకేదో పెంచి, నా మొహం వంక చూసేవాడు. ఒకప్పుడు మెచ్చుకోమని అడిగిన "వచ్చిందా?" వేరు, ఇప్పుడు దారి చెప్పమని అడిగేది వేరు. తలనొప్పితో మంచం ఎక్కిన రోజులున్నాయి. ఇక చాలు, బాగానే ఉందని చెప్పేస్తే పోతుందని నోటిదాకా వచ్చిన రోజులూ ఉన్నాయి. వదిన కూడా విసిగిపోయి, "ఏందన్నా, ఈ ఎండలకు యాడికెళ్లి వస్తయి నీళ్లు?" అని గోడ అవతలి నుంచి కసురుకునేది.

బడి తెరిచే ముందు మహబూబ్‌నగర్‌లో ఒక పెళ్లి ఒప్పుకున్నాడు. నేను పందిట్లో వెనక వరుసలో కూర్చున్నాను. గజ్జెల పాట మొదలైంది. దూరం నుంచి నడక. ఆయన కీబోర్డు వైపు చూడటం లేదు, జనం వైపే చూస్తున్నాడు. నా ముందు కూర్చున్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పారు. అక్షింతల పళ్లెం పట్టుకుని నడవలో పోతున్న ఒక అవ్వ, వెనక నుంచి ఎవరో వస్తున్నారనుకుని పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఎవరూ రాకపోయేసరికి అయోమయంగా చూసి మళ్లీ నడిచింది. మా ఆయన అదంతా చూశాడు. వాయిస్తూనే అంతమంది మీదుగా నా వైపు చూసి, పెదవులతో "వచ్చిందా?" అన్నాడు. నేను తల ఊపాను. ఏడుపొచ్చింది నాకు.

ఆ తర్వాత డీజే బాక్సులు ఊళ్లన్నీ కమ్మేశాయి. అసలు పాటే ఫోన్లో ఉండగా దాన్ని మళ్లీ చేసే మనిషితో ఎవరికీ పని లేకపోయింది. తమ్ముడు ప్యాడు అమ్మేసి ఆటో కొనుక్కున్నాడు. నేను రిటైరయ్యాను. ఆయన మాత్రం మధ్యాహ్నాలు కీబోర్డు ముందు కూర్చుంటాడు, పిలిచేవాళ్లు లేని పాటలకు టోన్లు సవరించుకుంటూ. నేను అలసిపోయాను, ఆయనా అలసిపోయాడు. అయినా అడగడం ఆయన మానలేదు, చెప్పడం నేను మానలేదు.

మొన్న బిందె పొంగిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ సాయంత్రం గజ్జెల పాట తీశాడు. నేను ఎప్పట్లాగే పక్కన కూర్చున్నాను. ఆయన వేళ్లు కదులుతున్నాయి. అడుగుల చప్పుడు మెత్తగా దగ్గరికొచ్చింది, ఆగింది. గజ్జెలు లేవు. ఉన్నాయేమో, నా దాకా రాలేదు.

"వచ్చిందా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఈ ఒక్క విషయంలో ఆయనకు అబద్ధం చెప్పలేదు. "నాకు గూడ ఇనబడ్తలేదయ్యా" అన్నాను.

ఆయన ఓదార్చలేదు, ఆశ్చర్యపోలేదు. కుర్చీ జరుపుకుని, కిటికీ తలుపు బార్లా తీసి, మళ్లీ అదే బిట్టు మొదటి నుంచి వాయించాడు. అయిపోగానే గోడ వైపు తిరిగి, ఊరంతా వినేటట్టు "వచ్చిందా?" అని కేకేశాడు.

అవతలి నుంచి వదిన గొంతు వెంటనే పలికింది. "వచ్చిందన్నా!"

నీళ్లో, గజ్జెలో మేం అడగలేదు. వచ్చేదాని సంగతి గోడ అవతలి నుంచైనా ఎవరో ఒకరు చెప్తారు; ఇన్నేళ్లలో పోయినవన్నీ మాకు చెప్పకుండానే పోయాయి.