పది కుర్చీలు

మగపిల్లాడిగా పుట్టి ఆడపిల్లగా బతుకుతానన్నందుకు ఓర్లీన్‌ను పదహారో ఏటే ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో తనలాంటివాళ్ళు ముస్తాబై ఒయ్యారంగా నడిచి చూపే 'బాల్' పోటీల్లో గెలిచి పేరు తెచ్చుకున్నాక, తనలాగే గడప దాటిన తొమ్మిదిమందికి ఆమె తల్లి అయింది. వాళ్ళకు వండిపెట్టింది, గౌన్లు కుట్టింది, నడక నేర్పింది, పోటీల్లో అందరికీ తన ఇంటిపేరే పెట్టింది. ఎయిడ్స్ రోజుల్లో ఒక్కొక్కరినీ తన చేతులతోనే సాగనంపింది.

అరవై ఆరో ఏట, ఆనాటి పోటీల మీద టీవీ సీరియల్ తీస్తున్నవాళ్ళు ఆమెను అతిథిగా పిలిచారు. ముందు వరసలో పది కుర్చీలు వేయించారు.

"మీ ఇంటివాళ్ళందర్నీ తీసుకురమ్మన్నాగా అమ్మా, ఒక్కరే వచ్చారేం?" అంది దర్శకురాలు.

"అందరూ అంటే నేనే తల్లీ."

ఖాళీ కుర్చీల్లో జూనియర్ ఆర్టిస్టులను కూర్చోబెట్టారు.

"మామ్మా, మీరూ నడిచేవారా?" అంది పక్క కుర్చీలోని తమీకా.

"నడవడమా! నేను అడుగుపెడితే మిగతావాళ్ళు బూట్లు విప్పేసి ఇంటికి పోయేవాళ్ళే!"

"అబ్బో! ఏదీ, చూపించండి."

షాట్‌కింకా టైముంది. ఓర్లీన్ లేచి, నడుం మీద చెయ్యి వేసి నడిచింది. హాలంతా చప్పట్లు మోగాయి. ఒకప్పుడు ఆ చప్పట్లలో ఆమె ఇంటిపేరు కేకలై వినిపించేది. ఇప్పుడా పేరు అక్కడెవరికీ తెలియదు. అయినా ఆమె తల దించకుండా చివరిదాకా నడిచింది.