బల్బు తెల్లబడిన మధ్యాహ్నం

మా బావ నారాయణప్ప ధర్మవరంలో చీరల అంచులకు గ్రాఫ్ వేసేవారు. గ్రాఫ్ అంటే చిన్న చిన్న గడులున్న కాగితం. జరీ రావాల్సిన చోట గడి నింపాలి, పట్టు రావాల్సిన చోట ఖాళీగా వదలాలి. ఆ గడుల్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే కాగితం మీద ఏది ఉంటే అదే అంచులోకి దిగుతుంది. ఒక గడి తప్పిందంటే నెమలి ముక్కు వంకరపోతుంది, ఆ వంకర ముక్కుతోనే చీర పొడవునా నడుస్తుంది. అందుకని బావ గ్రాఫ్ ముందు కూర్చుంటే మా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మేవారు కాదు. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఎండుమిరపకాయల తాలింపు పెట్టి ఆయన్ని దగ్గించాను. చెయ్యి కదిలి రెండు వరసలు పాడయ్యాయి. ఆయన కాగితం మార్చుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ చూపే పోవడం మొదలైంది. ఎనభై ఆరు ఎండాకాలంలో ఒకరోజు కుంచె పక్కన పెట్టి, "గడులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాండాయి సుబ్బమ్మా" అన్నారు. మా అక్క, అంటే ఆయన భార్య, అప్పటికే పోయింది. పిల్లలు లేరు. చెప్పుకోవడానికి నేనూ, ఆయన తమ్ముడూ తప్ప ఎవరున్నారు?

ఆ తమ్ముడే మా ఆయన కదిరప్ప. స్టేషన్ రోడ్డులో రేడియోలు, టీవీలు రిపేరు చేసే అంగడి ఆయనది. ఏ వస్తువైనా విప్పేటప్పుడు ఉన్న హుషారు బిగించేటప్పుడు ఉండదు. ఏదో పత్రికలో చదివి, బెంగళూరు నుంచి ఎవరో వాడి పారేసిన కంప్యూటర్ బోర్డు తెచ్చాడు. నా పుట్టింటి ట్రంకుపెట్టెకు రంధ్రాలు కొట్టి బోర్డును అందులో బిగించాడు. ఎవరో రిపేరుకిచ్చి తీసుకుపోకుండా వదిలేసిన టీవీని దానికి తెరగా తగిలించాడు. ట్రంకుపెట్టె గురించి నేను ఆయన్ని అనాల్సినవన్నీ అన్నాను. అనడం పూర్తి కాకముందే ఆయన తెర మీద గోరంత గడి ఒకటి వెలిగించి అన్నను పిలిచాడు.

బావ వంగి చూశారు. "ఇది కనిపిస్తాండాది" అన్నారు. ఆ తర్వాత ట్రంకుపెట్టె మాట నేను ఎత్తలేదు.

అయితే ఆ పెట్టెకు జ్ఞాపకం చాలదు. గడులు పెద్దవిగా పెట్టుకుని బొమ్మ వేస్తే పక్షి మెడ దాకా వచ్చేసరికి నిండిపోయేది. తల వేరే, ఒళ్ళు వేరే వెయ్యమన్నాడు మా ఆయన. బావకు కోపం వచ్చింది. "తల యాడికి పోతాదో చూడకుండా మెడ ఎట్ల వంచేదిరా?" అన్నారు.

ఆ పెట్టెకు జ్ఞాపకం పెంచే చిప్పులు కొనడానికీ, బావ కళ్ళు చూపించడానికీ ముగ్గురం కలిసి బెంగళూరు పోయాం. ముందు డాక్టరు. చక్కెర జబ్బు కంటి లోపలి నరాల్ని తినేసింది, దీనికి ఆపరేషను లేదు, ఉన్న చూపు ఈ ఏడాది నిలిస్తే గొప్ప అన్నాడు. బయటికొచ్చాక బావ ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నారు. తర్వాత, "జోడు అన్నపక్షుల అంచు ఒకటి మనసులో ఉండాది. వయసులో ఉన్నప్పట్నించీ ఉండాది. ఎప్పుడు చెప్పినా షావుకార్లు మామిడిపిందే కావల్లనిరి. అదొకటి వేసేస్తే చాలు. ఆమీద ఏమన్నా కానీ" అన్నారు. మా ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

అక్కడి నుంచి నేరుగా ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే ఎస్.పి. రోడ్డు. మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు అంగళ్ళు. మా ఆయన ఒక అంగట్లో తట్టెడు చిప్పులు ముందేసుకుని ఒక్కొక్కటీ తిప్పి, వీపు మీది అంకెలు భూతద్దంతో చదవసాగాడు. అన్నీ ఒకే వేగానివి కావాలట. "ఒక్కటి నిదానమైంది కలిసినా పెట్టె మొండికేస్తాది" అని నాకు వివరించాడు. ఆయన ఏరినవాటిని బావ అరచేతిలో పెట్టుకుని, కాళ్ళు వంగినవి వేలితో తడిమి పక్కకు తీసేశారు. ఆ అన్నదమ్ములు ఇద్దరూ అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు.

అంగడాయన మా ఊరేదో అడిగి, అటక మీది నుంచి ఒక స్టెబిలైజర్ దించాడు. "ఇది తీసుకోప్పా. కరెంటు తగ్గితే ఎత్తుతాది, ఎక్కువైతే తనంతట తానే ఆపేస్తాది. ఒక్కసారి ఎగిరిందంటే నీ చిప్పులన్నీ బూడిదే" అన్నాడు.

చేతిలో ఉన్న దుడ్లకు చిప్పులో, స్టెబిలైజరో ఒకటే వస్తుంది.

"మాది అనంతపురం జిల్లా అన్నా. ఆడ కరెంటు దిగేదే గానీ ఎగిరేది ల్యా. ఎత్తే దానికి ఇంట్లో నా చేత్తో చుట్టిన బూస్టరు ఉండాది" అన్నాడు మా ఆయన.

మా నాయనకు తనకల్లు దగ్గర బోరు మోటారు ఉండేది. నాలుగు చినుకులు పడితే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి ఫ్యూజు లాగేసేవాడు. చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే ఆపేస్తారు, లాగేవాళ్ళు లేక కరెంటు పైకి తంతుంది. అది గుర్తొచ్చి, "వానొచ్చిన పొద్దు ఏం చేస్తావు?" అన్నాను.

"వానొచ్చిన పొద్దు చూసుకుందాంలే" అన్నాడు. బావ నవ్వారు, అంగడాయనా నవ్వాడు. వరసగా కరువేళ్ళు. నాకూ నవ్వొచ్చింది. చిప్పులే కొన్నాం.

అవి బిగించాక పక్షి మొత్తం తెర మీద పట్టింది. బావ రోజూ భోంచేసి కూర్చునేవారు. ఊరవతల మోటార్లన్నీ బావుల అడుగులు నాకుతూ కరెంటంతా లాగేసేవి. ఇంట్లో బల్బు ఎర్రటి తీగలాగా ఉండేది. బూస్టరు మీట చివరి మెట్టున పెట్టినా తెర మీది బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయి మసగ్గా ఉండేది. బావ ముక్కు అద్దానికి ఆనించి ఒక్కో గడీ నొక్కేవారు. కరెంటు పోతే అప్పటిదాకా ఫ్లాపీలోకి ఎక్కించనిదంతా పోతుంది. అందుకని ఎక్కించే మీట ఏదో మా ఆయన నాకు నేర్పించాడు. మీట నొక్కితే ఫ్లాపీ గరగరలాడుతూ చెంబు నిండేంతసేపు తీసుకునేది.

ఒకటో పక్షి అయింది. రెండోది తల వెనక్కి తిప్పి జోడు వైపు చూడాలి. ఆ తల దగ్గర బావ చెరిపిందే చెరిపారు, వేసిందే వేశారు. ఒక్కోరోజు నాలుగు గడులు కూడా నిలిచేవి కావు. అప్పటికే ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదాన్ని చూస్తే నాకు భయమేసేది. డాక్టరు చెప్పిన ఏడాది అయిపోవస్తోంది.

ఆ మధ్యాహ్నం మా ఆయన గుత్తికి టీవీ రిపేరుకు పోయాడు. ఎండ ఉన్నట్టుండి చచ్చిపోయింది. గాలి ఆగిపోయింది. నేను వాకిట్లో బట్టలు తీస్తుంటే దూరాన మట్టివాసన తగిలింది. ఎన్నాళ్ళకో వచ్చిన వాసన. సంతోషపడాల్సిన నేను బట్టలు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాను.

బల్బు ఎరుపు పోయి పసుపు తిరిగింది. తెర మీది బొమ్మ నిండుగా విచ్చుకుంది.

బావ వెనక్కి వాలి కూర్చుని ఉన్నారు. అద్దానికి ముక్కు ఆనించకుండా చూస్తున్నారు. "సుబ్బమ్మా, ఈ పొద్దు ఎంత బాగా కనిపిస్తాండాదో. గడి గడీ కనిపిస్తాండాది" అన్నారు.

"బావా, ఆపేయల్ల. వానొస్తాండాది."

"రానీ."

"మోటార్లు ఆపేస్తాండారు. పెట్టె కాలిపోతాది."

ఆయన వినలేదు. రెండో పక్షి తలలో కన్నంత మేర గడులు చెరిపేశారు. లోపల ఖాళీ మిగిలింది. "కంటిపాప ఒక్కటే. ఒక్క గడి" అన్నారు.

బూస్టరు మీద కరెంటు చూపే ముల్లు చివరికెక్కి అక్కడే వణుకుతోంది. మీట కిందికి తిప్పుదామంటే తిప్పేటప్పుడు కరెంటు తెగి అంతా పోతుంది. నేను ఆయన చెయ్యి మీది నుంచి వంగి ఫ్లాపీకి ఎక్కించే మీట నొక్కేశాను. గరగర మొదలైంది. అది ఆగేదాకా ఇంకే మీటా పనిచేయదు. బల్బు తెల్లబడింది. ఇంట్లో మూలమూలలూ కనపడ్డాయి, గోడ మీది బూజు కూడా. ట్రంకుపెట్టెలోంచి సన్నగా ఈల లాంటి శబ్దం. చినుకులు రేకుల మీద పడుతున్నాయి, వీధిలో జనం కేకలు పెడుతున్నారు. ఫ్లాపీ ఆగమని నాకు తెలిసిన దేవుళ్ళందరినీ వేడుకున్నాను.

ఆగింది. బావ వేలు మీట మీదికి పోయింది. ఆ ఒక్క గడి పెడితే మళ్ళీ ఎక్కించాలి, మళ్ళీ అంతసేపు.

నేను స్విచ్చి లాగేశాను.

తెర మధ్యలోకి ముడుచుకుని ఆరిపోయింది. కాసేపటికి బల్బు ఫట్టుమంది. వీధిలో కుళ్ళాయప్ప ఇంటి రేడియోలోంచి పొగ వచ్చిందని తర్వాత తెలిసింది. చీకట్లో బావ వేలు ఇంకా మీట మీదే ఉంది. వీధంతా వానలో తడుస్తూ అరుస్తుంటే నేను ఆ వానను తిట్టాను. మా జిల్లాలో పుట్టి వానను తిట్టిన దాన్ని బహుశా నేనొక్కదాన్నే.

స్తంభాలు పడిపోయి చాలా రోజులు కరెంటు లేదు. ఆ రోజుల్లోనే ఒక ఉదయం బావ లేచి, కంట్లో నల్లగా ఏదో కారినట్టుందన్నారు. ఆ నలుపు మళ్ళీ తొలగలేదు. రెండో కన్ను ముందే పోయింది. ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవారు, మంచినీళ్ళు ఇస్తే తాగేవారు. నేను చేసింది తప్పని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. అయినా కంచం ఆయన ముందు పెట్టి వెంటనే వంటింట్లోకి పోయేదాన్ని.

కరెంటు వచ్చింది. మా ఆయన పెట్టె తెరిచి చిప్పులన్నీ చూశాడు, ఒక్కటీ పోలేదు. ఫ్లాపీలో అంచంతా ఉంది. రెండో పక్షికి కన్నుంది, పాప లేదు.

"నేను పెడతాన్లేన్నా, ఒక్క గడే గదా" అన్నాడు మా ఆయన.

"నువ్వొద్దు. ఆపింది ఆ యమ్మే గదా, ఆ యమ్మనే పెట్టమను" అన్నారు బావ.

నేను కూర్చున్నాను. మోటార్లు మళ్ళీ నడుస్తున్నాయి, బల్బు మళ్ళీ ఎర్రబడింది. "యాడ పెట్టల్ల బావా?" అన్నాను.

"నడిమికి పెట్టద్దు, గుడ్లు మిటకరిస్తాది. పై వరసలో, జోడు దిక్కు."

పెట్టాను. ఎక్కించే మీట నొక్కాను. గరగర ఆగేదాకా ఆయన చెవి అటే పెట్టి విన్నారు.

"యాడికి చూస్తాండాది?"

"జోడును దాటి పైకి చూస్తాండాది బావా."

"మబ్బు దిక్కా, బల్బు దిక్కా?" అన్నారు.

నేను తెర దగ్గరికి వంగి మళ్ళీ చూశాను. ఆయనే చిన్నగా నవ్వి, కరెంటు ఎట్లుందో నన్ను చూసుకుని పెట్టె ఆపేయమన్నారు.