ఇరవై ఏడు నాదంటే నాది

కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసే ఆవిడను అందరూ సర్వరమ్మ అంటారు. పద్దెనిమిదేళ్లుగా చల్లటి ఇరుకు గదిలో, స్వెటరు వేసుకుని, యంత్రాలతోనే కాపురం. ఏది మొరాయించినా అందరి వేళ్లూ ఆమెవైపే. అందుకే ఈసారి పట్టుబట్టి, టోకెన్లు ఇచ్చే పనికి రెండు సర్వర్లు పెట్టించింది. "ఉన్నావా?" "ఉన్నాను" అని అవి ఒక తీగ మీదుగా క్షణక్షణం పలకరించుకుంటాయి. ఒకటి పలక్కపోతే రెండోది పని అందుకుంటుంది.

"మూడోదొకటి కావాలండీ, సాక్షిగా," అని సూపరింటెండెంటుని అడిగింది.

"సాక్షి ఎందుకమ్మా, వాటికేమన్నా పెళ్లా?" అన్నాడాయన.

సోమవారం పొద్దున ఆ తీగ వదులై ఊడింది. రెండు సర్వర్లూ నిక్షేపంగా ఉన్నాయి. కానీ దేనికది, అవతలిది పోయిందనుకుని పనంతా నెత్తినేసుకుంది. ప్రతి నంబరూ ఇద్దరికి వచ్చింది.

సర్వరమ్మ పరుగున వచ్చేసరికి డాక్టరు గుమ్మం ముందు ఇద్దరు ఇరవై ఏడో నంబరువాళ్లు కీచులాడుకుంటున్నారు. ఒకరు రిటైరైన డ్రిల్లు మాస్టారు. రెండోవారు సాక్షాత్తూ ఆమె అత్తగారు.

"ఇరవై ఏడు నాది! కళ్లజోడు పెట్టుకుని చూడండి!"

"అది లేకే కదండీ వచ్చింది!"

కోడలిని చూడగానే అత్తగారికి ఏనుగంత బలం వచ్చింది. "అమ్మాయ్, ఈ మిషన్లు పెట్టింది నువ్వేనని ఈయనకి చెప్పు!"

హాలంతా ఇటు తిరిగింది. సర్వరమ్మకు తల కొట్టేసినట్టయింది. "నేనే అత్తయ్యా. రెండు చీట్లూ అసలైనవే. రెండు తీగలు వెయ్యాల్సింది, ఒక్కటే వేశాను. తప్పు నాది."

ఆ మాటకు మాస్టారు మెత్తబడ్డాడు. "ముందు మీరు వెళ్లండమ్మా."

"అబ్బే, మీరే వెళ్లండి."

మీరంటే మీరని మర్యాదలు సాగుతుండగానే డాక్టరు ఇరవై ఎనిమిదిని పిలిచాడు. ఇద్దరు లేచారు.

సర్వరమ్మ ఒక సర్వరును ఆపేసి, మిగతావాళ్లకు చేత్తో చీట్లు రాసిచ్చింది. మధ్యాహ్నం రెండో తీగ వేసి, నేరుగా సూపరింటెండెంటు గదికి వెళ్లింది. ఆయన కంప్యూటరు తెర మీద పేకముక్కలు గబుక్కున మాయమయ్యాయి.

"మీ ఈ కంప్యూటర్నే సాక్షిగా పెడతానండీ. ఎప్పుడన్నా తగువొస్తే, దీని ఓటు పడ్డదే పనిచేస్తుంది. రెండోది నోరు మూసుకుంటుంది."

"మరి నా... పనో?"

"ఆడుకోండి. ఆపెయ్యకండి, అంతే."

సాయంత్రం ఆయన్ని పక్కన నిలబెట్టి సర్వర్ల మధ్య ఉన్న రెండు తీగలూ లాగేసింది. ఒక సర్వరు ఊరుకుంది. రెండోది వరస తప్పకుండా ఒక్కొక్క చీటీ ఇచ్చింది. సర్వరమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"అది నా ఓటేనా?" అన్నాడాయన, మీసం దువ్వుతూ. "ఇంకోసారి లాగమ్మా!"